అటక మీది పిల్లికూనలు

అనంతపురం జిల్లాలో ఒక పల్లె అనుకోండి. ఆ పల్లెలో ఒక వేరుశనగ రైతు ఇల్లు. ఆ ఇంట్లో అత్త, కొడుకు, కోడలు, బడికి పోయే మనవరాలు ఉన్నారు. కోడలు మళ్ళీ కడుపుతో ఉంది. మూడో నెల.

ఉగాదికి ముందు ఒక రాత్రి అటక మీద సన్నగా అరుపులు వినపడ్డాయి. కోడలు టార్చిలైటు వేసి చూసింది. పాత చాపల చాటున మూడు పిల్లికూనలు ఉన్నాయి. ఇంకా కళ్ళు తెరవలేదు. తల్లిపిల్లి బుస్సుమంది. కోడలు గబుక్కున కిందికి దిగింది. గోడ మీది క్యాలెండరులో ఆ రోజు తేదీ చుట్టూ సున్న చుట్టి పెట్టింది.

ఆ తల్లిపిల్లి ఎవరి పిల్లీ కాదు. పొద్దున ఈ వాకిట్లో మెతుకులు తింటుంది. రాత్రి ఆ దొడ్లో పడుకుంటుంది. చెయ్యి చాపితే గోడ దూకుతుంది. ఇలాంటి పిల్లులు ప్రతి ఊళ్ళోనూ ఉంటాయి. ఇవి అడవి పిల్లులు కావు. పెంపుడు పిల్లులూ కావు. సగం మచ్చిక, సగం బెదురు. వీటి కూనలను ఎవరూ చేరదీయకపోతే అవీ తల్లి లాగే తయారవుతాయి.

నెల గడిచింది. కూనలు అటక దిగాయి. అప్పుడు మొదలైంది గొడవ. ఒకటి బియ్యం డబ్బా పక్కన దొడ్డికి పోయింది. ఇంకొకటి బొంత తడిపింది. మూడోది ఆరిన పొయ్యిలో బూడిద గోకి, అక్కడే పని కానిచ్చింది. అత్తకు ఒళ్ళు మండింది.

"పొయ్యి కూడా మైల చేశాయి. గోనెసంచిలో వేసి ఊరి బయట వదిలేసి రా" అని కొడుకుతో అంది.

కోడలికి మనసొప్పలేదు. ఇంటి మూలన నాలుగు బస్తాల విత్తనం కాయలు ఉన్నాయి. తొలకరికి వెయ్యాల్సిన విత్తనం అది. కిందటేడు ఎలుకలు రెండు బస్తాలు కొరికాయి. విత్తనం కోసం అప్పు చెయ్యాల్సి వచ్చింది.

"పిల్లి ఉంటే ఎలుకలు అదుపులో ఉంటాయి కదత్తా" అంది కోడలు.

"ఎలుకల బాధ పోయి పిల్లి కంపు వస్తే ఏం లాభం?" అంది అత్త.

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. మరి ఏం చెయ్యాలి?

డాక్టరు అడిగిన మొదటి మాట

మరునాడు కోడలు పరీక్ష కోసం మండల కేంద్రంలోని ఆసుపత్రికి వెళ్ళింది. వచ్చేటప్పుడు దారిలో పశువుల ఆసుపత్రిలో అడిగింది.

"కూనల వయసెంతమ్మా?" అన్నాడు పశువుల డాక్టరు.

కోడలు వేళ్ళ మీద లెక్క పెట్టింది. క్యాలెండరులో సున్న చుట్టిన రోజుకి కూనలు కళ్ళు తెరవలేదు. పిల్లికూన సాధారణంగా 7 రోజుల నుంచి 14 రోజుల మధ్య కళ్ళు తెరుస్తుంది. ఆ రోజు నుంచి ఇప్పటికి 28 రోజులు. అంటే కూనల వయసు నాలుగు నుంచి ఆరు వారాల మధ్య.

"అయితే ఇదే మంచి అదను. మూడు వారాలు పోతే కష్టం" అన్నాడు డాక్టరు.

ఎందుకని? పిల్లికూనకు రెండో వారం నుంచి ఏడో వారం దాకా ఒక లేత వయసు ఉంటుంది. ఆ వయసులో ఎవరు దగ్గరికి తీస్తే వాళ్ళను తన వాళ్ళు అనుకుంటుంది. మనిషి చెయ్యి, మనిషి మాట, మనిషి వాసన అప్పుడే అలవాటు కావాలి. ఎనిమిది వారాలు దాటిన కొద్దీ బెదురు గట్టిపడుతుంది. అప్పుడు మచ్చిక చెయ్యలేమని కాదు. నెలలు పడుతుంది. కొన్నిటికి ఎప్పటికీ బెదురు పోదు. మొక్కై వంగనిది మానై వంగునా అని పెద్దలు ఊరికే అనలేదు.

నెల రోజులు కంపు ఎందుకు రాలేదు?

కూనలు అటక మీద ఉన్నప్పుడు కంపు రాలేదు. దిగాక వచ్చింది. కారణం ఏమిటి?

పుట్టిన కొత్తలో కూన తనంతట తాను ఉచ్చ పోయలేదు. దొడ్డికీ పోలేదు. తల్లి నాలుకతో నాకితేనే వస్తుంది. వచ్చినదాన్ని తల్లే నాకి శుభ్రం చేస్తుంది. వాసన వస్తే కుక్కలు, ఇతర జంతువులు పసిగడతాయి కదా! పిల్లలను కాపాడుకోవడానికి తల్లి చేసే పని ఇది.

సుమారు మూడు వారాలు నిండాక కూనకు ఆ పని సొంతంగా వస్తుంది. అప్పుడే దానికి ఇంకో బుద్ధి కూడా పుడుతుంది. గుల్లగా, పొడిగా ఉన్న చోటు వెతుకుతుంది. కాలితో గోకుతుంది. పని కాగానే మట్టి కప్పుతుంది. ఇది ఎవరూ నేర్పేది కాదు. పుట్టుకతో వచ్చేది.

ఇప్పుడు ఆలోచించండి. ఇంట్లో అంతా గచ్చు, బండలు. గోకడానికి మట్టి ఎక్కడుంది? పొయ్యిలో బూడిద మెత్తగా ఉంది. బొంత మెత్తగా ఉంది. కూన అక్కడికే పోయింది. అది మురికి జంతువు కాబట్టి పోలేదు. చోటు దొరక్క పోయింది.

అంటే కూనకు దొడ్డికి పోవడం నేర్పక్కర్లేదు. చోటు చూపిస్తే చాలు.

మొదట బెదురు తియ్యాలి

బెదిరిన కూన మంచం కిందే దాక్కుంటుంది. అక్కడే అన్నీ చేస్తుంది. అందుకని మొదటి పని మచ్చిక.

పిల్లి తన కూనలను ఏడిళ్ళు తిప్పుతుందని సామెత. ఎవరైనా గూడు కెలికితే తల్లి కూనలను నోట కరుచుకుని వేరే చోటుకు పోతుంది. కాబట్టి తల్లిని తరమకూడదు. దానికి రోజూ ఒకే చోట, ఒకే వేళకు తిండి పెట్టాలి. తల్లి నెమ్మదిగా తింటుంటే కూనలకూ ధైర్యం వస్తుంది. ఎనిమిది వారాలు నిండే దాకా కూనలు తల్లి దగ్గరే ఉండాలి.

కోడలు చిన్న గది ఒకటి ఖాళీ చేసింది. తల్లి వచ్చి పోయేందుకు కిటికీ తెరిచి పెట్టింది. కూనలకు అడ్డంగా పడేసిన అట్టపెట్టెలో పాత చీర పరిచింది. బెదిరితే దూరడానికి అదొక చోటు.

మొదటి రెండు రోజులు ఆమె నేల మీద ఊరికే కూర్చుంది. నిలబడితే మనిషి కూనకు కొండలా కనిపిస్తుంది. రెప్ప వెయ్యకుండా చూడకూడదు. అలా చూస్తే మీద పడబోతున్నారని పిల్లి అనుకుంటుంది. మెల్లగా రెప్ప వాల్చి, తెరవాలి. మెల్లగా మాట్లాడాలి.

మూడో రోజు వేలి చివర ఉడికిన గుడ్డు రాసి చాపింది. ఒక కూన వచ్చి నాకింది. తరవాత రెండోది. తింటుండగా మెడ మీద, చెంప మీద వేలితో నిమిరింది. మెల్లగా ఒళ్ళోకి తీసుకుంది. ఇలా పూటకు పది, పదిహేను నిమిషాలు చాలు. రోజుకు మూడు నాలుగు సార్లు చెయ్యాలి. బలవంతంగా పట్టుకోకూడదు. పట్టుకుంటే గీరుతుంది, కరుస్తుంది.

మనవరాలికి కూడా ఒక నియమం పెట్టారు. అరవకూడదు. తోక పట్టి లాగకూడదు. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

ఇసుక తట్ట

దీనికి కొనాల్సింది ఏమీ లేదు. పాత ప్లాస్టిక్ బేసిను గానీ, సిమెంటు మోసే తట్ట గానీ చాలు. అంచు కూన ఎక్కేంత పొట్టిగా ఉండాలి. నాలుగు వేళ్ళ ఎత్తు సరిపోతుంది. అంచు ఎత్తుగా ఉంటే పక్కన ఇటుక పెట్టాలి. రేకు అంచులు పదునుగా ఉంటే వాడకూడదు.

అందులో పొడి ఇసుక గానీ, జల్లించిన పొడి మట్టి గానీ మూడు వేళ్ళ లోతు పొయ్యాలి. తడి ఇసుక పిల్లికి నచ్చదు. వేడి బూడిద అసలు వద్దు. కాళ్ళు కాలతాయి.

తట్టను ఎక్కడ పెట్టాలి? మనుషులు తిరగని మూలన పెట్టాలి. తిండి గిన్నెకు దూరంగా పెట్టాలి. తినే చోట దొడ్డికి పోవడం మనకు లాగే పిల్లికీ ఇష్టం ఉండదు. ఒకే తట్ట మూడు కూనలకు చాలదు. పిల్లికి ఒక తట్ట, పైన ఇంకొకటి ఉంటే మంచిది. కోడలికి రెండే దొరికాయి. రెండింటినీ రోజుకు రెండు పూటలా శుభ్రం చేయించింది.

వేళ కనిపెట్టాలి

కూన ఎప్పుడు దొడ్డికి పోతుంది? నిద్ర లేవగానే పోతుంది. తిన్న కాసేపటికి పోతుంది. బాగా ఆడాక పోతుంది. ఈ మూడు వేళలు కనిపెడితే సగం పని అయినట్టే. అందుకే తిండి వేళకు పెట్టాలి. గిన్నె ఎప్పుడూ నింపి ఉంచితే వేళ తెలియదు.

ఆ వేళకు కూనను మెల్లగా ఎత్తి తట్టలో దించాలి. పక్కన ఇసుకను వేలితో గానీ పుల్లతో గానీ గోకాలి. ఆ చప్పుడు వింటే కూనకు తన పని గుర్తొస్తుంది. దాని కాలు పట్టుకుని గోకించకూడదు. అది భయపడి తట్టకే దూరమవుతుంది. తట్ట దిగి పోతే పోనివ్వాలి. కాసేపయ్యాక మళ్ళీ దించాలి.

పని అయ్యాక మెల్లగా నిమరాలి. మొదటి రెండు మూడు రోజులు ఆ మలంలో చిన్న ముక్క తట్టలోనే ఉంచాలి. పిల్లికి ముక్కే గురువు. తన వాసన ఎక్కడ ఉంటే మళ్ళీ అక్కడికే వస్తుంది.

ఈ మాటే రెండో వైపు నుంచి కూడా చూడాలి. బొంత మీద వాసన మిగిలితే మళ్ళీ బొంత మీదికే వస్తుంది. అందుకని తప్పు జరిగిన చోటును వెంటనే సబ్బు నీళ్ళతో బాగా కడగాలి. బొంతను ఎండలో వెయ్యాలి. కూన తిరిగే చోట ఫినాయిల్ చల్లకూడదు. అది పిల్లికి విషం. కాళ్ళకు అంటుకుంటుంది. కాళ్ళు నాకినప్పుడు కడుపులోకి పోతుంది.

కొడితే ఏం నేర్చుకుంటుంది?

నాలుగో రోజు ఒక కూన మళ్ళీ బియ్యం డబ్బా పక్కన దొడ్డికి పోయింది. అత్త చీపురు ఎత్తింది. కొందరు కూన ముక్కును అందులో రాస్తారు కూడా. అలా చేస్తే బుద్ధి వస్తుందని అనుకుంటారు.

నిజంగా ఏం జరుగుతుంది? ఎక్కడ పోవాలో కూనకు తెలియదు. మనిషి కంటపడితే దెబ్బ పడుతుందని మాత్రం తెలుస్తుంది. అప్పటి నుంచి చాటుగా పోతుంది. బీరువా వెనకాల, బస్తాల సందున పోతుంది. కష్టపడి తీసిన బెదురు ఒక్క దెబ్బతో తిరిగి వస్తుంది.

కోడలు ఆ మలాన్ని కాగితంతో తీసి తట్టలో వేసింది. నేల కడిగింది. తిండి గిన్నెను తెచ్చి సరిగ్గా అక్కడే పెట్టింది. తినే చోట పిల్లి పాడు చెయ్యదు కదా! ఆ మూల మళ్ళీ పాడు కాలేదు.

ఏం తినిపించాలి?

పిల్లికి పాలు పొయ్యడం మన అలవాటు. కానీ చాలా పిల్లులకు ఆవుపాలు, గేదెపాలు అరగవు. విరేచనాలు అవుతాయి. విరేచనాలు పట్టిన కూన తట్ట దాకా పోలేదు. తాగడానికి మంచినీళ్ళు పెట్టాలి. పాలు తల్లి ఇస్తుంది.

పిల్లి మాంసం తినే జంతువు. వట్టి అన్నంతో బతకలేదు. ఉడికిన గుడ్డు, ముళ్ళు తీసిన చేప, కోడిమాంసం ముక్కలు పెట్టాలి. ఉల్లిపాయ, వెల్లుల్లి పిల్లికి విషం. అందుకని మసాలా కూర కలిపి పెట్టకూడదు. మనుషుల జ్వరం బిళ్ళ పారాసెటమాల్ కూడా పిల్లిని చంపుతుంది. జబ్బు చేస్తే పశువుల డాక్టరునే అడగాలి. కడుపులో పురుగులకు మందు కూడా ఆయనే ఇస్తాడు.

కడుపుతో ఉన్నవాళ్ళు తట్ట ముట్టొద్దు

"కడుపుతో ఉన్నావు. తట్ట నువ్వు కడగొద్దమ్మా" అని డాక్టరు కోడలికి ముందే చెప్పాడు.

కొన్ని పిల్లుల మలంలో టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి ఉంటుంది. అది కంటికి కనపడదు. కడుపుతో ఉన్న మనిషికి అది మొదటిసారి సోకితే లోపలి బిడ్డకు హాని జరగవచ్చు. మలం పడిన వెంటనే అది అంటుకోదు. ఒకటి నుంచి అయిదు రోజుల్లో అంటుకునే స్థితికి వస్తుంది. అందుకే ఏ రోజుది ఆ రోజే తీసెయ్యాలి. ఆ పని ఇంట్లో ఇంకొకరు చెయ్యాలి. ఎవరూ లేకపోతే చేతులకు ప్లాస్టిక్ కవరు తొడుక్కుని చెయ్యాలి. తరవాత సబ్బుతో కడుక్కోవాలి. ఈ సూక్ష్మజీవి సరిగా ఉడకని మాంసం వల్ల కూడా వస్తుంది. పిల్లిని ఇంట్లోంచి వెళ్ళగొట్టక్కర్లేదు. జాగ్రత్త చాలు.

మరి తట్ట ఎవరు కడగాలి? కొడుకు పొద్దున్నే చేనికి పోతాడు. మనవరాలు చిన్నది. అందరూ అత్త వైపు చూశారు. అత్త ఏమీ అనలేదు. కొంగు బిగించి తట్ట తీసుకుని దొడ్లోకి పోయింది. మలాన్ని గుంటలో పూడ్చింది. కొత్త ఇసుక పోసింది.

కరిస్తే, గీరితే

పిచ్చికుక్క వ్యాధి కుక్క వల్లనే రాదు. పిల్లి వల్ల కూడా వస్తుంది. దాన్నే రేబిస్ అంటారు. ఆ వ్యాధి బయటపడ్డాక బతకడం దాదాపు ఉండదు. కానీ ముందే టీకా వేయించుకుంటే రాకుండా ఆపవచ్చు.

పిల్లి కరిచినా, రక్తం వచ్చేలా గీరినా ఏం చెయ్యాలి? పుండును సబ్బుతో, పారే నీళ్ళతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టకూడదు. కట్టు కట్టకూడదు. ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. డాక్టరు చెప్పిన అన్ని సూదులూ వేయించుకోవాలి. మధ్యలో మానకూడదు.

కూనకు మూడు నెలలు నిండగానే దానికీ రేబిస్ టీకా వేయించాలి. తరవాత డాక్టరు చెప్పిన ప్రకారం మళ్ళీ మళ్ళీ వేయించాలి.

తట్ట నుంచి దొడ్లోకి

రెండు వారాల్లో రెండు కూనలకు తట్ట అలవాటైంది. అప్పుడు అత్త దొడ్లో ఒక మూల గుంట తీయించింది. అందులో ఇసుక పోయించింది. తట్టను రోజుకు రెండు మూడు అడుగుల చొప్పున గడప వైపు జరిపారు. తరవాత గడప దాటించారు. చివరికి గుంట పక్కన పెట్టారు. ఒక్కసారిగా మారిస్తే కూనకు దారి తెలియదు. పాత చోటికే పోతుంది. కొద్దికొద్దిగా జరిపితే వెంట వస్తుంది.

కూరగాయల మడిలో, ఇల్లు కట్టడానికి పోసిన ఇసుక కుప్పలో కూడా పిల్లులు గోకుతాయి. మడి మీద ముళ్ళకంప పరచాలి. కుప్ప మీద పట్ట కప్పాలి. ఇసుకలో ఆడిన పిల్లలు చేతులు కడిగే అన్నం తినాలి.

అలవాటైన పిల్లి ఉన్నట్టుండి కంటపడిన చోటల్లా పోస్తే అది పొగరు కాదు. జబ్బు కావచ్చు. ముక్కుతున్నా ఉచ్చ రాకపోతే ప్రాణానికే ముప్పు. ముఖ్యంగా మగపిల్లికి ఇలా అవుతుంది. ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

గోనెసంచి ఎందుకు వద్దు?

ఊరి బయట వదిలిన కూన ఎక్కడో బతుకుతుందని అనుకుంటారు. బతకదు. ఆ వయసులో దానికి వేట రాదు. ఆకలికి గానీ, కుక్కలకు గానీ బలి అవుతుంది. జంతువుల పట్ల క్రూరత్వాన్ని అడ్డుకునే చట్టం 1960లో వచ్చింది. ఆకలిదప్పులతో అలమటించేలా జంతువును వదిలెయ్యడం ఆ చట్టం ప్రకారం నేరం.

పైగా తల్లి ఇక్కడే ఉంటుంది. కొద్ది నెలల్లో మళ్ళీ ఈనుతుంది. పిల్లి చూలు సుమారు తొమ్మిది వారాలే. ఆడకూన అయిదారు నెలలకే చూలు కట్టవచ్చు. ఒక్కొక్కటి నాలుగేసి కూనలు పెడితే ఎన్ని అవుతాయో లెక్క వెయ్యండి. ఎన్ని గోనెసంచులు కావాలి? దీనికి మందు ఆపరేషను. కూనకు అయిదు నెలలు వచ్చే లోపల పశువుల డాక్టరును అడిగి చేయించాలి. తల్లికీ చేయించాలి.

పాత స్నేహం

మనిషికీ పిల్లికీ స్నేహం కుదిర్చింది ధాన్యమే. సుమారు పదివేల ఏళ్ళ కిందట పడమటి ఆసియాలో మనుషులు గింజలు నిల్వ చెయ్యడం మొదలుపెట్టారు. గింజల కోసం ఎలుకలు వచ్చాయి. ఎలుకల కోసం పిల్లులు వచ్చాయి. సైప్రస్ అనే దీవిలో సుమారు 9,500 ఏళ్ళ నాటి సమాధి ఒకటి తవ్వారు. మనిషి ఎముకల పక్కనే పిల్లి ఎముకలు దొరికాయి. ఈ సంగతి 2004లో లోకానికి తెలిసింది.

అయితే పిల్లి ఉందని బస్తాలు నేల మీద వదిలెయ్యకూడదు. పిల్లి చిట్టెలుకలను పడుతుంది. పెద్ద పందికొక్కు జోలికి పోదు. బస్తాలను గోడకు దూరంగా, బల్ల మీద పెట్టాలి. కన్నాలు పూడ్చాలి. ఎలుకల మందు మాత్రం పెట్టకూడదు. మందు తిన్న ఎలుకను తింటే పిల్లి కూడా చస్తుంది.

తొలకరి వచ్చింది. రైతు బస్తాలు బండికెత్తాడు. ఒక బస్తాకు చిన్న కన్నం పడింది. మిగతా మూడూ చెక్కు చెదరలేదు. బల్ల ఎక్కించడం వల్ల కొంత, పిల్లుల వల్ల కొంత.

మూడు కూనల్లో రెండు ఇంటివి అయ్యాయి. మూడోది చేతికి రాలేదు. పశువుల కొట్టంలో ఉంటుంది. తిండి వేళకు వస్తుంది. ఇసుక గుంటకే పోతుంది. అది అంతవరకే. దాన్ని అలాగే ఉండనిచ్చారు.

ఒక సాయంత్రం పక్కింటామె వచ్చింది. "మా ఇంట్లోనూ పిల్లి ఈనింది. కంపు భరించలేకున్నా. సంచిలో వేసి పంపిద్దామనుకుంటున్నా" అంది.

అత్త తట్ట కడుగుతోంది. తల ఎత్తి అడిగింది.

"కళ్ళు తెరిచి ఎన్ని రోజులైంది?"

గుర్తుంచుకోండి

కూనలు కనపడిన రోజును క్యాలెండరులో రాసి పెట్టండి.

ఏడు వారాలు దాటక ముందే మచ్చిక చెయ్యండి.

పొడి ఇసుక తట్ట పెట్టండి. తిండికి దూరంగా పెట్టండి.

నిద్ర లేవగానే, తిన్నాక, ఆడాక తట్టలో దించండి.

కొట్టొద్దు. ముక్కు రాయొద్దు. తప్పు జరిగిన చోటు కడగండి.

కడుపుతో ఉన్నవాళ్ళ చేత తట్ట కడిగించొద్దు.

కరిస్తే 15 నిమిషాలు సబ్బుతో కడగండి. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి.